జర్మనీ మావయ్య దివిసీమకు వెళ్లిన వైనం

పోస్ట్‌మ్యాన్ గేటు దగ్గర బెల్లు కొడితే మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే "మీ ఆయనలు వచ్చారు, వెళ్లి దింపుకో" అంటాడు. నేను తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ పరిగెడతాను. పెళ్లయిన ఇన్నేళ్లలో తను ఆఫీసు నుంచి వస్తే ఒక్కసారైనా అలా ఎదురొచ్చానా అని ఆయనకి బాధ. రాలేదు. ఆయన ముఖం నాకు తెలిసిందేగా, అందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏముంది.

నా పిచ్చి ఏమిటో చెప్తాను. నూరేళ్ల కిందట జర్మనీ దేశంలో పటాలానికి వెళ్లే ప్రతివాడూ కొత్త యూనిఫాం వేసుకుని స్టూడియోకి పోయి ఫోటో తీయించుకునేవాడు. వెనక రంగులేసిన తెర, పక్కన చిన్న బల్ల, బల్ల మీద టోపీ, పైకి మెలితిప్పిన మీసం. అలాంటి ఫోటోలు ఇప్పుడు అక్కడి పాత సామాన్ల కొట్లలో కుప్పలుగా దొరుకుతాయి. ఎవరివో ఎవరికీ తెలీదు. వాటిని తెప్పించుకుని, అందులో ఉన్నవాడు ఏ ఊరివాడో, ఏ దళంవాడో తేల్చడం నా పని. గుడివాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. పొద్దున్నించి సాయంత్రం దాకా "ఊపిరి బిగపట్టండి, కదలకండి" అని జనానికి చెప్పి చెప్పి ఇంటికొస్తే, నా కోసం ఊపిరి బిగపట్టి కదలకుండా నిలబడ్డ మనుషులు గోడ నిండా ఉంటారు.

ఇది బందర్లో మొదలైంది. కోనేరు సెంటర్ దగ్గర ఫ్రేములు కట్టే షాపులో మా పెళ్లి ఫోటోకి ఫ్రేము కట్టించడానికి వెళ్లాను. షాపాయన ఒక పాత ఫ్రేము విప్పి, లోపలున్న చెదలు తిన్న ఏసుప్రభువు పటాన్ని పక్కన పెట్టి, దాని వెనక ఊతంగా పెట్టిన అట్టని బయటికి తీశాడు. ఆ అట్ట అట్ట కాదు, ఫోటో. పెట్టెలాంటి దవడ, ఇత్తడి గుండీలు, కింద బంగారు అక్షరాల్లో ఏదో అర్థంకాని ఊరి పేరు. ఏ ఓడ దిగాడో, ఏ బంగళాలోంచి చెత్తతో పాటు బయటికొచ్చాడో గానీ, బందర్లో ప్రభువు వీపు వెనక ఎన్నేళ్లు దాక్కున్నాడో పాపం. "కావాలంటే తీసుకోమ్మా, అట్టేగా" అన్నాడు షాపాయన. నేను మా పెళ్లి ఫోటో అక్కడే మర్చిపోయి, ఆయన్ని పట్టుకుని బస్సెక్కాను.

ఈ విద్యలో ముఖం చూసి లాభం లేదు. భుజం మీద పట్టీ చూడాలి, దాని మీద దళం నెంబరు కుట్టి ఉంటుంది. పట్టీకున్న గుండీ మీద ఇంకో నెంబరు ఉంటుంది, అది కంపెనీది. కోటు చేతి మడత కుట్టిన తీరు చూడాలి, అట్ట కింద స్టూడియో ఊరు చూడాలి. నెంబరు కనపడకపోతే ఫోటోని స్కాన్ చేసి, ఎముకలో సన్నటి పగులు వెతికేటప్పుడు చేసినట్టే నలుపు పెంచి, తెలుపు తగ్గించి, మళ్లీ పెంచి, కళ్లు కాయలు కాచేలా చూడాలి. ఉన్నట్టుండి ఏడో, తొమ్మిదో పైకి తేల్తుంది చూడండి, ఆ క్షణాన నేను మనిషిని కాను. గెంతుతాను. ఒకసారి కింది వాటా వాళ్లు పైకొచ్చి "ఎవరికైనా ఉద్యోగం వచ్చిందాండీ?" అని అడిగారు.

ఎవరో తేలనివాళ్లకి నేనే వరస కలుపుతాను. కుర్రాళ్లయితే బావ, మీసం గట్టిదయితే మావయ్య, గడ్డం ఉంటే తాతయ్య. మావయ్యలూ తాతయ్యలూ ఎంతమంది వచ్చినా మా ఆయన పల్లెత్తు మాట అనలేదు గానీ, బావలు పెరుగుతుంటే కాస్త ముఖం మాడ్చుకునేవాడు.

అందర్లోకీ నన్ను ఎక్కువ ఏడిపించినవాడు బెల్టు మావయ్య. నలభై ఏళ్ల మనిషి, నిండైన విగ్రహం. ఛాతీకి ఎడమపక్క ఇనప శిలువ. అది వాళ్ల యుద్ధంలో ధైర్యానికిచ్చే పతకం. బెల్టు బిళ్ల మీద అక్షరాలు కూడా చదవగలిగేంత స్పష్టమైన ఫోటో. తీరా కావాల్సిన భుజం పట్టీ దగ్గర మాత్రం తెల్లటి మరక. ఏ పొద్దు కూర్చున్నా ఆ మరక దగ్గరే నా ఆట కట్టు.

అలా ఉండగా దివిసీమ నుంచి మా మేనత్త దిగింది, మోకాలు ఎక్స్‌రే తీయించుకుందామని. పాలకాయతిప్పకి ఇవతల సముద్రం గాలి తగిలే పల్లె ఆవిడది. మా నాన్న కంటే పెద్దది. అక్కడి చర్చి ఊడ్చేదీ, గంట కొట్టేదీ, పండగలకి డేగిసాల దగ్గర నిలబడేదీ ఆవిడే. స్టేజీ మీద కూర్చునేవాళ్లు మాత్రం వేరే. వచ్చిన పూటే కాఫీ గ్లాసు పట్టుకుని తన గోడు చెప్పుకుంది.

"వచ్చే నెల్లో మన చర్చికి నూరేళ్ల పండగే. మన ఊరికి సువార్త తెచ్చిన దొరగారి ఫోటో గోడకి పెట్టాలన్నారు. అసలు ఆయన ఫోటో ఎవరి దగ్గరుంది? లేదు గదా అని సంఘపెద్ద తన తాత ఫోటో పెడతానంటన్నాడు, స్థలం ఇచ్చింది ఆయనేనంట. నాకు ఒళ్లు మండిపోయింది. ఆడోళ్ల వరసలోంచి లేచి, దొరగారి ఫోటో నేను తెస్తానని చెప్పా."

"ఎక్కణ్ణించి తెస్తావు?"

"అదేగా. నలుగుర్లో నోరు జారా. తెస్తే తెర నన్నే తీయమన్నారు. తేకపోతే ఇంక నా బతుకంతా ఆ తాత ముఖం కిందే ఊడవాలి."

అత్తయ్య పట్టుదల ఎందుకో నాకు తెలుసు. ఆ ఊళ్లో మొదట బాప్తిస్మం పుచ్చుకున్నది ఆవిడ తాత, అంటే మా ముత్తాత. దొరగారు పడవలో గంట వాయించుకుంటూ వచ్చాడనీ, ముందుగా మా ముత్తాత చెయ్యే పట్టుకున్నాడనీ ఆవిడ చిన్నప్పట్నించీ వింది. చర్చిలో ఆ మాట ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. పండగ పుస్తకంలో అయితే స్థలం ఇచ్చిన తాత తప్ప ఇంకెవరూ లేరు.

ఇంటర్నెట్‌లో నాకు తెలిసిన ఫోటోల గుంపులన్నిట్లో అడుగుతానన్నాను. అడిగాను కూడా. దొరగారు ఇంగ్లీషు మిషనరీ, నావాళ్లేమో జర్మనీ సిపాయిలు. ఎవరూ పలకలేదు. నా దగ్గర పేర్లు లేని ముఖాలు, అత్తయ్య దగ్గర ముఖం లేని పేరు.

రెండో రోజు నేను డ్యూటీకి తయారవుతుంటే ఆవిడ గోడ దగ్గర నిలబడి ఉంది.

"వీళ్లంతా మిలిటరీ వాళ్లా?"

"ఆఁ."

"మరి ఈయనెవరు?" బెల్టు మావయ్య.

"ఈయనెవరో ఇంకా తేల్లేదత్తయ్యా." నేను జడ వేసుకుంటున్నాను.

"గుండె మీద శిలువ ఉందే."

"ఉంది."

"నడుం మీద ఏందో రాసుందే?"

నా విద్య గురించి ఇంట్లో ఒకరు నోరు తెరిచి అడగడం అదే మొదలు. జడ వదిలేసి, భూతద్దం పట్టుకొచ్చి, వేలు పెట్టి చదివాను. "దేవుడు మాకు తోడు, అని."

అత్తయ్య ఫోటో మీదకి వంగింది. అందులో బల్ల మీద మొన పైకి పెట్టి ఉన్న టోపీని చూపుడువేలితో తాకి, "నాకో కాపీ తీయించి పెట్టవే" అంది. నాకు సంతోషం పట్టలేదు. అత్తయ్యకి నా జర్మనీవాళ్లు నచ్చారు. దారిలో ఫోటో షాపులో ఆగి పెద్ద సైజులో రంగులు దిద్దించి మరీ ప్రింటు తీయించాను. ఎందుకు అని అడగాలని తోచలేదు. తోస్తే నేను నేనెందుకు అవుతాను.

ఆవిడ వెళ్లిన కొన్నాళ్లకి ఒక ఆదివారం మధ్యాహ్నం నాకా మరక లొంగింది. నలుపు తగ్గించడం కాదు, ఎర్ర రంగు మొత్తం తీసేస్తే మరక పల్చబడింది. కింద మూడంకెల నెంబరు, గుండీ మీద ఐదు, మెడ పట్టీకి సార్జెంటు అంచు. జర్మనీలో నాలాంటి పిచ్చాయనే ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయనకి పంపితే గంటలో జవాబిచ్చాడు. సందేహం లేదు, కాల్బలం సార్జెంటు, నది ఒడ్డున ఫలానా ఊరి దళం. ఆ రోజు నేను గెంతిన గెంతుడికి మా ఆయన కూడా లేచి నిలబడ్డాడు. అత్తయ్యకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పండగ పనుల్లో ఉందనుకున్నాను.

పండగకి ముందురోజు స్కూటర్ మీద బయల్దేరాం. పామర్రు, మొవ్వ, చల్లపల్లి దాటి, పులిగడ్డ వంతెన మీద గాలికి నా జుట్టంతా మా ఆయన నోట్లోకి పోతుంటే ఆయన తిట్టుకుంటూ నడిపాడు. అసలు నేను వెనక కూర్చుంటే నా జుట్టు ఆయన నోట్లోకి ఎలా పోతుందని అడగొద్దు. ఆయనకి స్కూటర్ మీద వెనక్కి తిరిగి మాట్లాడే జబ్బుంది. అవనిగడ్డ సెంటర్లో మాత్రం ఆయన వెనక్కి తిరగలేదు. బండి ఆపేశాడు.

ఒకపక్క ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. ఇంకోపక్క కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ. మధ్యలో, రెండిటికంటే ఎత్తుగా, బెల్టు మావయ్య.

తల వెనక వెలుగు పెట్టారు. అటూ ఇటూ పావురాలు ఎగరేశారు. బల్ల మీద మొనటోపీని పసుపు రంగేసి గంట చేసేశారు. కింద "మా పూర్వికులకు సువార్త అందించిన దైవసేవకులు" అని ఉంది. మూలన సంఘపెద్ద దణ్ణం పెడుతూ ఉన్నాడు. అత్తయ్య బొమ్మ ఎక్కడా లేదు. మా ఆయన స్కూటర్ స్టాండు వేసి, డివైడర్ మీద కూర్చుని, కడుపు పట్టుకున్నాడు. "మీ ఆయనకి ప్రమోషన్ వచ్చిందే" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. నాకూ నవ్వు తన్నుకొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే అత్తయ్య గుర్తొచ్చి, ఆయన్ని లేపి బండి తీయించాను.

ఊరు చేరేసరికి చర్చి వెనక పాకలో ఆడవాళ్లంతా మర్నాటి ప్రేమవిందుకి వెల్లుల్లి ఒలుస్తున్నారు. పక్క పల్లెపాలెం నుంచి వాళ్లు రొయ్యల బుట్టలు తెచ్చి దింపుతున్నారు. వాళ్లు సముద్రం మీద బతికే హిందువులు. మా పండక్కి చేప వాళ్లది, వాళ్ల పండక్కి వంట చేతులు మావి. అత్తయ్య నన్ను చూసి ముఖం చేటంత చేసుకుంది. చెయ్యి పట్టి పక్కకి లాక్కెళ్లాను.

"అత్తయ్యా, ఆయన దొరగారు కాదు. తేలిపోయింది. సిపాయి, జర్మనీ సార్జెంటు."

"శిలువ ఉందిగా?"

"యుద్ధంలో ఇచ్చే పతకం అది."

"ఆ దేవుడి మాటో?"

"ఆ దళాల్లో చాలామంది బెల్టుల మీద అదే ఉంటుంది."

"మరి ఆ గంట?"

"టోపీ అత్తయ్యా. మొన ఉన్న టోపీ."

ఆవిడ వెల్లుల్లి పొట్టు అంటిన చేతులు చూసుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి తీసుకోబోయాను. నవ్వుతోంది. చప్పుడు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "పొద్దున్నే లేచి ఆ టోపీ వంక చూసి స్తోత్రం చెప్పుకుంటన్నానే, నా మతి మండా" అంది. ఇద్దరం గోడకి ఆనుకుని ఒకళ్ల మీద ఒకళ్లం పడి నవ్వాం. మా ఆయన వచ్చి మధ్యలో నిలబడి, ఏమీ అడక్కుండా తనూ నవ్వాడు.

నవ్వు అయిపోయాక ఆవిడ ముఖం వాడిపోయింది. "రేపు సంఘపెద్ద నన్ను బతకనిస్తాడా?"

"చెప్పకపోతే సరి" అన్నాను. "ఆ భుజం పట్టీ చదవగలిగేది ఈ జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే. నేను నోరు మూసుకుంటాను."

"నోరు మూసుకోవడం ఈవిడ వల్ల కాదు గానీ, నేను మూయిస్తాను" అన్నాడు మా ఆయన.

అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "నాకు తెలిసిపోయిందిగా" అంది, అంతే. మళ్లీ వెళ్లి వెల్లుల్లి ముందు కూర్చుంది. నాకు ఆవిడ మీద కోపమొచ్చింది, నా మీద నాకు కోపమొచ్చింది, ఆ మరక లొంగకపోయినా బాగుండేదనిపించింది. జన్మలో ఒక ఫోటో గురించి నేనలా అనుకోవడం అదొక్కసారే.

మర్నాడు చర్చి కిటకిటలాడింది. బయట షామియానా కింద కూడా కుర్చీలు చాల్లేదు. బిషప్పు గారు వచ్చారు, సంఘపెద్ద నివేదిక చదివాడు. స్థలం ఇచ్చిన తాత అందులో పేజీకి రెండుసార్లు వచ్చాడు. చివరికి పాస్టరు గారు గోడ మీది ఎర్రగుడ్డ తెర చూపించి, తీయడానికి అత్తయ్యని రమ్మన్నారు. ఆవిడ కొత్త చీర గంజికి నిటారుగా నిలబడి ఉంది. తెర దగ్గరికి వెళ్లలేదు. మైకు దగ్గరికి వెళ్లింది.

"అందరికీ వందనాలండి. నేను దొరగారి ఫోటో తెస్తానని మాటిచ్చాను. తేలేకపోయాను. దీంట్లో ఉన్నాయన మన దొరగారు కాదండి. జర్మనీ సిపాయంట. మా మేనకోడలు నిన్న చెప్పింది. ఆయన ముందున్నది గంట కూడా కాదండి, టోపీ."

పేరుకి నేను యాభై ఏళ్లకి దగ్గరపడ్డదాన్ని. చంటిపిల్లలా మా ఆయన భుజం వెనక దాక్కున్నాను. ఆడవాళ్ల వరసలో ఎవరికో "టోపీ" దగ్గర నవ్వాగలేదు. కిసుక్కున మొదలై అది వరసలు దాటి, షామియానా దాకా పాకింది. బిషప్పు గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు. అత్తయ్య మాత్రం మైకు పట్టుకుని అలాగే నిలబడింది. ఆ నవ్వులో వెటకారం ఎంతో, సరదా ఎంతో ఆవిడకి తెలియడం లేదు.

సంఘపెద్ద లేచాడు. "పోనీండి, ఆడమనిషి, ఏదో పొరపాటు పడింది. మా తాతగారి ఫోటో ఎందుకైనా మంచిదని కార్లో పెట్టుకొచ్చాను" అన్నాడు. అప్పుడే ఇద్దరు దాన్ని పట్టుకొస్తున్నారు కూడా, దండతో సహా. అత్తయ్య తల దించుకుంది. మైకు వదిలేసి మెట్టు దిగబోయింది.

"ఆగమ్మాయ్" అని గుమ్మం దగ్గర్నించి ఎవరో గట్టిగా అన్నారు. పల్లెపాలెం నుంచి విందుకొచ్చిన వాళ్లలో అందరికంటే పెద్దాయన. తొంభై దాటిన మనిషి, చెవుడు, అందుకే అంత గొంతు. "దొరగారి ముఖం కోసం ఎతుకుతున్నావా?"

"అవును పెద్దయ్యా" అంది అత్తయ్య. ఆయనకి వినపడలేదు. పక్కనున్నవాళ్లు ఆయన చెవిలో అరిచారు.

"ఆయన్ని తెచ్చేది మా అయ్య పడవే. నేను బుడ్డోణ్ణి, ఒడ్డున నిలబడేవాణ్ణి. పోటు తగ్గితే పడవ ఒడ్డుకి రాదు, నడుముల్దాకా బురద. దొరగారు దిగలేడు. మీ తాత ఈడ నుంచి బురదలో దిగిపోయి ఆయన్ని భుజాల మీద ఎక్కించుకుని తెచ్చేవాడు. ఎప్పుడొచ్చినా అట్టానే. దొరగారి ముఖం యాడో పైన. కింద నుంచి చూస్తే నాకేం కనపడద్ది? ఆయన బూట్లు కనపడేయి, మీ తాత ఛాతీ మీద అటొకటి ఇటొకటి ఏలాడతా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. దండేసిన ఫోటో మోసుకొస్తున్న ఇద్దరూ నడవలో ఆగిపోయారు.

"ఆ బూట్ల మధ్యన మీ తాత ముఖం. ఒళ్లంతా బురద, అయినా నవ్వుతా వచ్చేవాడు" అన్నాడు ముసలాయన. చెయ్యి ఎత్తి స్టేజీ మెట్టు మీదున్న అత్తయ్యని చూపించాడు. "ఎతకడం దేనికి? ఆ గడ్డం, ఆ కళ్లు, ఆ పలువరస, అచ్చం అదే. ఈ అమ్మాయి గంట కొట్టడానికి పోతుంటే రోజూ చూస్తన్నాగా."

చర్చిలో ఉన్నవాళ్లంతా తిరిగి అత్తయ్యని చూశారు. రోజూ చూసే మనిషినే. షామియానా కింది వాళ్లు లేచి, మెడలు చాపి, కిటికీల్లోంచి చూశారు. నేనూ చూశాను. ఎన్ని ముఖాలు పట్టి పట్టి చూసినదాన్ని, ఈ ముఖాన్ని ఒక్కనాడూ అలా చూడలేదు.

ఆవిడకి సిగ్గు ముంచుకొచ్చింది. అలవాటుగా కొంగు తీసి ముఖానికి అడ్డం పెట్టుకోబోయింది. మధ్యలో ఆగింది. కొంగు దించేసి, వెనకున్నవాళ్లకి కూడా కనపడేలా తల పైకెత్తి, అందరూ చూసేదాకా ఆ మెట్టు మీదే నిలబడింది.